పద్ధతి పుట్టిన గది

అరచేతిలో ఇమిడే గుండ్రటి మట్టిబిళ్ల. పైన గురువు రెల్లుపుల్లతో పొందికగా ఒత్తిన మాటలు. వాటి కిందో, బిళ్ల తిరగేస్తే వెనకవైపో శిష్యుడు దిద్దిన అవే మాటలు. ఏది ఎవరి చేతో చెప్పక్కర్లేదు, గీతలే చెబుతాయి. ఇరాక్‌లోని నిప్పుర్‌లో సుమారు 3,800 ఏళ్ల కిందటి బళ్ల నుంచి బయటపడ్డ పలకలివి. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడింది అక్కాడియన్, బళ్లో నేర్చింది సుమేరియన్. అప్పటికే సుమేరియన్‌ను ఇంటిమాటగా ఆడేవాళ్లు దాదాపు మిగల్లేదు. అయినా అది రానివాడికి లేఖకుడి కొలువు లేదు. అందుకని చెట్ల పేర్లు, కర్రసామాను పేర్లు, జంతువుల పేర్లు, రాళ్ల పేర్లు జాబితాలుగా కట్టి పిల్లలచేత దిద్దించారు, వల్లె వేయించారు.

ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతేమీ కాదు. అరుగు మీద కూర్చుని అమరకోశం వల్లించిన పిల్లలదీ ఇదే చదువు. స్వర్గవర్గం, వనౌషధివర్గం, సింహాదివర్గం అంటూ మాటల్ని కుప్పలు పోసి, శ్లోకంలో బిగించి, అర్థం తర్వాత చూసుకోవచ్చులెమ్మని ముందు నోటికి ఎక్కించేవారు. పక్కనే శబ్దమంజరి. నిప్పుర్ కుర్రాడికైనా కోనసీమ కుర్రాడికైనా కావలసింది గ్రంథాల భాష. దానితో కూరగాయలు బేరమాడే పని ఇద్దరికీ లేదు. ఆ అవసరానికి ఆ చదువు అతికినట్టు సరిపోయింది.

రెండో భాష బోధన చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా దాన్ని విజయయాత్రలా చెబుతారు. మోటు పద్ధతిని శాస్త్రీయ పద్ధతి తరిమేసింది, దాన్ని ఇంకా శాస్త్రీయమైనది తరిమేసింది అని. నిజానికి ప్రతి పద్ధతీ ఒక గదిలో పుట్టింది. అందులో ఎందరు కూర్చున్నారు, పాఠం చెప్పేవాడికి ఆ భాష ఏపాటి వచ్చు, నేర్చుకున్నాక దానితో ఏం పని, ఖర్చు ఎవరిది అన్నవే దానికి రూపమిచ్చాయి. గొడవంతా దాన్ని మరో గదికి మోసుకెళ్లినప్పుడే వచ్చింది.

మాట్లాడే అవసరం ఉన్నచోట పూర్వం కూడా మాట్లాడించారు. రోమన్ సామ్రాజ్యంలో గ్రీకు, లాటిన్ నేర్చుకునేవాళ్ల కోసం రెండు నిలువు వరుసల్లో రాసిన సంభాషణల పుస్తకాలుండేవి. పిల్లాడు పొద్దున్నే లేస్తాడు, మొహం కడుక్కుంటాడు, బట్టలు తొడుక్కుని బడికి పోతాడు. ఒక పక్క లాటిన్ ముక్క, దానికెదురుగా గ్రీకు ముక్క. రైల్వేస్టేషన్ బుక్‌స్టాల్లో '30 రోజుల్లో హిందీ' తిరగేసినవాళ్లకు ఆ పేజీ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో ఎల్‌ఫ్రిక్ అనే సన్యాసి మఠం పిల్లల లాటిన్ కోసం ఒక సంభాషణ రాశాడు. అందులో ఒకరు దున్నేవాడు, ఒకరు గొర్రెలకాపరి, ఒకరు జాలరి. మఠం గోడ దాటని పిల్లలు పొలం గురించీ వల గురించీ లాటిన్‌లో మాట్లాడతారు. ఇప్పటి శిక్షణ తరగతుల్లో 'రోల్ ప్లే' అంటూ కొత్త సరుకులా అమ్ముతున్నది ఇదే.

మతయుద్ధాల్లో సొంత ఊరు వదిలి దేశాలు పట్టి తిరిగిన మొరేవియా పంతులు కొమీనియస్ 1658లో నూరెంబర్గ్‌లో 'ఓర్బిస్ పిక్టస్' అచ్చువేయించాడు. అందులో 150 బొమ్మలు. బొమ్మలోని ఒక్కో వస్తువుకీ ఒక్కో అంకె. పక్కన లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ ఉన్న వాక్యాల్లో ఆ మాట దగ్గర అదే అంకె. పిల్లాడు అంకె పట్టుకుని మాట దగ్గర్నుంచి వస్తువు దగ్గరకు నడుస్తాడు. అక్షరాలు సైతం కాకి అరుపుతో, గొర్రె అరుపుతో మొదలవుతాయి. ఒకటో తరగతి గోడ మీద వేలాడే చార్టుల వంశవృక్షం గీస్తే ఆ పుస్తకం దగ్గర తేలుతుంది.

ఇక అందరూ తిట్టే వ్యాకరణ-అనువాద పద్ధతి. దాన్ని ఒక పేరా పాటు దుయ్యబట్టని బి.ఎడ్. పుస్తకం ఉండదు. పుట్టినప్పుడు మాత్రం అది పిల్లల మీద దయతో చేసిన సంస్కరణ. అంతకుముందు పరభాష నేర్చే పెద్దవాడు ఒక చేత వ్యాకరణం, ఒక చేత నిఘంటువు పట్టుకుని నేరుగా గ్రంథం మీద పడేవాడు. గదినిండా పిల్లలున్న జర్మన్ బడిలో అది సాగే పని కాదు. అందుకే 1783లో మైడింగర్ ఫ్రెంచికి, 1793లో ఫిక్ ఇంగ్లీషుకు రాసిన పుస్తకాల్లో గ్రంథం పక్కకు పోయి, సూత్రమూ దానికి సరిపడా చిన్న వాక్యాలూ వచ్చాయి. ఒలెన్‌డార్ఫ్, ప్లోట్జ్ చేతుల్లో అదే పెద్ద అచ్చు వ్యాపారమైంది. సూత్రం కోసం అల్లిన వాక్యాలు కాబట్టి వాటిలో లోకం ఉండదు. మేనత్త కలం తోటమాలి బల్ల మీద ఉందని ఎవరు ఎవరితో, ఎందుకు అంటారో తేలదు.

అయినా అది చావలేదు, చావదు కూడా. పాఠం చెప్పేవాడు ఆ భాష మాట్లాడనక్కర్లేదు. అరవై మంది ఉన్నా ఇబ్బంది లేదు. నోటుబుక్కులు దిద్దొచ్చు, మార్కులు వేయొచ్చు, గైడు అచ్చువేసి అమ్మొచ్చు. ఇన్ని సుళువులున్న పద్ధతిని సిద్ధాంతం ఓడించలేదు.

దాన్ని నమ్మి నిలువునా మునిగినవాడు ఫ్రాన్స్‌లో లాటిన్ చెప్పుకునే గ్వాన్. జర్మన్ నేర్చుకుందామని హాంబర్గ్ వెళ్లాడు. వ్యాకరణ పుస్తకాన్నీ 248 అపవాద క్రియల్నీ పదిరోజుల్లో కంఠస్థం చేశాడు. ఆ ధీమాతో అక్కడి అకాడమీలో ఉపన్యాసం వినడానికి పోయి కూర్చున్నాడు. ఒక్క ముక్క అంతుపట్టలేదు. లోపం ధాతువుల్లో ఉందనుకుని 800 ధాతువులు మింగాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అంతే. ఆఖరికి నిఘంటువు మీద పడ్డాడు: ముప్ఫై రోజులు, 30,000 మాటలు. కళ్లు దెబ్బతిన్నాయి గానీ జర్మన్ మాత్రం చెవికి ఎక్కలేదు. ఓడిపోయి ఇంటికి చేరితే, తను వెళ్లేటప్పుడు మాటలు రాని చుట్టాలబ్బాయి మూడేళ్లవాడై గలగలా మాట్లాడేస్తున్నాడు.

ఆ పిల్లాణ్ణి ఒకరోజు పిండిమిల్లు చూపించడానికి తీసుకెళ్లారు. వచ్చాక వాడు చూసిందంతా ఆటగా కట్టాడు. చిన్న సంచులు నింపడం, మిల్లుకు మోయడం, మర తిప్పడం, పిండి పట్టుకోవడం, ఒక్కో పనికీ ఒక్కో మాట చెప్పుకుంటూ, చూసిన వరస తప్పకుండా. గ్వాన్‌కు అక్కడ దారి దొరికింది. 1880లో వేసిన పుస్తకంలో ప్రతి పనినీ వరస వాక్యాలుగా విడగొట్టాడు. తెలుగులో అయితే ఇలా ఉంటుంది: బిందె తీసుకుంటాను, బావి దగ్గరకు వెళ్తాను, చేద వేస్తాను, తోడుతాను, బిందె నింపుతాను, నడుముకెత్తుకుంటాను. ఒక వాక్యం గుర్తొస్తే తర్వాతి వాక్యం దాని వెంటే వస్తుంది. ఆ పద్ధతి పేరు ఇప్పుడు ఎవరూ తలవరు. కానీ పరీక్ష పాసవగలిగినవాడు మాట్లాడలేకపోవడం అనే జబ్బును తన ఒంటి మీదే చూపించిన సాక్షి గ్వాన్.

రెండేళ్లకు, 1882లో, జర్మనీలో ఫీటర్ అనే భాషావేత్త మారుపేరుతో కరపత్రం వేసి భాషాబోధన వెనక్కి తిరగాలని కేకపెట్టాడు. 1886లో పారిస్‌లో పాల్ పాసీ చుట్టూ చేరిన టీచర్ల సంఘం ఇవాళ నిఘంటువుల్లో కనిపించే అంతర్జాతీయ ధ్వనిలిపికి పునాది వేసింది. ఇంగ్లండ్‌లో హెన్రీ స్వీట్, డెన్మార్క్‌లో యెస్పర్సన్ అదే దారి పట్టారు. ముందు చెవి, తర్వాత నోరు, ఆ తర్వాతే కన్ను అన్నది వాళ్ల వరస.

అదే రోజుల్లో అమెరికాలో ఒక ప్రమాదం మంచికే జరిగింది. 1878లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో బడి పెట్టిన జర్మన్ వలసవాసి మాక్సిమిలియన్ బెర్లిట్జ్, ఫ్రెంచి చెప్పడానికి నికొలాస్ జోలీ అనే ఫ్రెంచివాణ్ణి ఉత్తరాల మీదే కుదుర్చుకున్నాడు. ఆయన దిగాక తెలిసింది, ఇంగ్లీషు ముక్క రాదని. అప్పటికే బెర్లిట్జ్ జబ్బుపడి మంచం మీదున్నాడు. వేరే దారిలేక, వస్తువులు చూపిస్తూ చేతులు తిప్పుతూ ఎలాగో నెట్టుకురమ్మని తరగతి అప్పగించాడు. ఆరు వారాలకు లేచి వచ్చి చూస్తే శిష్యులు ఫ్రెంచిలో కబుర్లాడుతున్నారు. మాతృభాష ఊసెత్తకుండా నేర్పే డైరెక్ట్ మెథడ్ వెనక సిద్ధాంతం ఎంత ఉందో, ఇంగ్లీషు రాని జోలీ మాస్టారి నిస్సహాయత కూడా అంతే ఉంది. బెర్లిట్జ్ బడులు ఐరోపా అంతా పాకాయి. జేమ్స్ జాయిస్ కూడా పోలాలో, ట్రియెస్టెలో వాటిలో ఇంగ్లీషు చెప్పుకుని బతికాడు. అయితే ఆ గదిలో ఉండేది డబ్బుకట్టి వచ్చిన కొద్దిమంది పెద్దవాళ్లు, చెప్పేది ఆ భాషలో పుట్టినవాళ్లు. దాన్ని సర్కారు బడికి తేగానే అనువాదం దొంగచాటుగా లోపలికి వచ్చేసింది. 1929లో అమెరికాలో కోల్‌మన్ నివేదిక, రెండేళ్ల బడిచదువులో మాట్లాడటం అయ్యే పని కాదు, చదవడం వస్తే చాలు అని తేల్చేసింది.

ఈ చరిత్రలో తెలుగు రెండో భాషగా కూర్చున్న గదులూ ఉన్నాయి. 1812లో మద్రాసులో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో కుంపిణీ దొరబిడ్డలు దేశభాషలు నేర్చి పరీక్ష ఇవ్వాలి. 1816లో అక్కడే కాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. 1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి ఆ చదువు పూర్తిచేసినవాడే. కచేరీకి వచ్చే రైతుకు ఆ పుస్తకాల తెలుగుతో పనిలేదు. బ్రౌన్ పేరు చెప్పగానే అందరికీ వేమన, నిఘంటువు గుర్తొస్తాయి. అవి ఎంత గొప్పవో, తర్వాత వచ్చే దొరల కోసం ఆయన తయారుచేసిన పాఠ్యసామగ్రి అంత విలువైనది. రెండు భాషల్లో సంభాషణలు, వాడుక మాటల్లో తాతాచారి కథలు అచ్చువేయించాడు. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోవడానికి ముద్రించిన ఆ కథలు ఇవాళ తెలుగువాళ్లకే వాడుక వచనానికి తొలి నమూనాల్లో ఒకటిగా మిగిలాయి. 1873లో బందరు మిషనరీ ఆర్డెన్ రాసిన వ్యాకరణం కూడా మెట్టుమెట్టుగా నేర్పే పుస్తకమే. విదేశీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని తెరుస్తారు.

అసలు కథ 1907 ప్రాంతంలో విశాఖపట్నంలో జరిగింది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటున్నాడు. పుస్తకంలో చూసిన భాష బజార్లో వినపడదు, బజార్లో విన్నది పుస్తకంలో కనపడదు. ఇదేమిటని ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన ఆ ప్రశ్నను గురజాడ ముందు, గిడుగు ముందు పెట్టాడు. తర్వాత జరిగింది తెలిసిందే. వ్యావహారిక భాషోద్యమానికి నిప్పురవ్వ ఒక పరభాషా విద్యార్థి అవస్థలోంచి రాలింది. భాష ఎలా నేర్పాలన్న వాదం మధ్యలో, ఏ భాష నేర్పాలన్న ప్రశ్న తెలుగులో లేచింది.

గిడుగు రామ్మూర్తి పంతులు అప్పటికే ఇంకో గదిలో విద్యార్థి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగు కూడా వచ్చిన ఒక సవరను ఇంట్లోనే పెట్టుకుని సవర భాష నేర్చుకున్నాడు. చేతికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. విని, అడిగి, రాసుకుని, అన్నీ తనే తయారుచేశాడు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపాడు. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. స్వీట్, యెస్పర్సన్ పుస్తకాల్లో వాదించినదాన్ని ఆయన పర్లాకిమిడి ఇంట్లో చేసి చూపించాడు. భాషాబోధన చరిత్రలు రాసిన పాశ్చాత్యులకు ఈ గది కనపడకపోవడం వాళ్ల లోటే.

ఢాకాలో టీచర్ల కాలేజీ నడిపిన మైకేల్ వెస్ట్ మరో కోణం పట్టాడు. బెంగాలీ పిల్లల్లో ఎక్కువమంది చదువు మధ్యలోనే మానేస్తారు. నాలుగేళ్లకే ఆగిపోయినవాడికి ఆ ఇంగ్లీషుతో ఏం మిగిలింది? ఎల్‌ఐసీ పాలసీ మధ్యలో వదిలేసినవాళ్లకు తెలిసిన మాటే ఆయన వాడాడు: సరెండర్ వాల్యూ. మాట్లాడటం సగంలో ఆపితే సున్నా, చదవడం సగం వచ్చినా సగం చేతిలో ఉంటుంది. అందుకని తక్కువ మాటలతో, వాడుకలో ఎక్కువ తగిలే మాటలతో రీడర్లు రాశాడు. 1953 నాటికి ఆ పని సుమారు 2,000 మాటల జాబితాగా స్థిరపడింది. అటు 1922లో జపాన్ వెళ్లిన హెరాల్డ్ పామర్, ఆయన వెంట నడిచిన హార్న్‌బీ ఇదే కూలిపని చేశారు. విద్యార్థులు ఇప్పటికీ కొనే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువుకు మూలం 1942లో టోక్యోలో అచ్చయింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. అమెరికా సైన్యానికి తెలిసిన భాషలు చాలక, 1943లో 55 విశ్వవిద్యాలయాల్లో సైనికులకు భాషాశిక్షణ మొదలుపెట్టింది. చిన్న చిన్న జట్లు, రోజంతా అదే పని, ఎదురుగా ఆ భాష మాతృభాషగా ఉన్న మనిషి, పక్కన భాషాశాస్త్రవేత్త, రేపు ఆ దేశంలో దిగాలన్న భయం. ఫలితం బాగా వచ్చింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఎగరేశాక బెంబేలెత్తిన అమెరికా, 1958 చట్టంతో డబ్బు కుమ్మరించి ఆ పద్ధతిని హైస్కూళ్లకు దింపింది. సైనికుడూ లేడు, భయమూ లేదు, మిగిలింది టేపురికార్డరు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్న వాక్యాన్నే మళ్లీ అనాలి, ఒక్క మాట మార్చి మళ్లీ అనాలి, తప్పు రాకుండా అలవాటయ్యేదాకా అంటూనే ఉండాలి. చిలక పలుకులే శాస్త్రమయ్యాయి. 1959లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ, భాషను అలవాటుగా చూసిన స్కిన్నర్ పుస్తకం మీద రాసిన సమీక్ష ఆ సిద్ధాంతం నడుం విరిచింది. పెన్సిల్వేనియాలో పెద్దయెత్తున జరిపి 1970లో వెలువరించిన పోలిక, ల్యాబుల వల్ల ఒరిగిందేమీ లేదని చూపింది. ల్యాబుల్లో దుమ్ము పేరుకుంది.

మన దగ్గరకు అలాంటి గాలే స్ట్రక్చరల్ సిలబస్ రూపంలో 1950ల్లో మద్రాసు మీదుగా వచ్చింది. మాస్టారు పుస్తకం ఎత్తి చూపిస్తే తరగతి తరగతంతా గొంతెత్తి ఇది పుస్తకం అని ఇంగ్లీషులో అరిచిన తరం ఇంకా ఉంది. కొందరికి శిక్షణ ఇచ్చి, వాళ్లచేత ఇంకొందరికి ఇప్పించి, మంచుముద్ద దొర్లి పెద్దదైనట్టు 27,000 మంది టీచర్లను తయారుచేయాలని మద్రాసు రాష్ట్రం పథకం వేసింది. దొర్లేకొద్దీ ముద్ద పెరగడం నిజమే, లోపలి మంచు కరగడమూ నిజమే. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పుట్టింది కూడా ఈ టీచర్ల కొరత తీర్చడానికే. 1972లో అది విదేశీ భాషలనూ కలుపుకుంది, 2007లో ఇఫ్లూగా కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

1970లు చిత్రమైన కాలం. రంగు కర్రలు బల్ల మీద పెట్టి మాస్టారు నోరు మెదపకుండా నేర్పే గత్తెనో, మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి సంగీతం వినిపిస్తూ నేర్పే బల్గేరియా వైద్యుడు లొజనోవ్, చెప్పిన పని చేస్తే చాలు మాట్లాడనక్కర్లేదన్న ఆషర్, అందరికీ శిష్యులు దొరికారు. అంతకంటే గట్టి పని ఐరోపా మండలిలో జరిగింది. దేశం మారి కొలువు చేసేవాడికి భాషతో ఏమేం పనులుంటాయి? దారి అడగాలి, క్షమాపణ చెప్పాలి, రానని మర్యాదగా చెప్పాలి. 1975లో వాన్ ఎక్, 1976లో విల్కిన్స్ ఈ పనుల పట్టికను సిలబస్ చేశారు. 2001లో వచ్చిన ఏ1 నుంచి సీ2 దాకా మెట్లు దాని మనవలే. జర్మనీలో నర్సు ఉద్యోగానికి బీ2 సర్టిఫికెట్ కోసం తంటాలుపడే అమ్మాయిలకు ఆ అక్షరాలు బాగా తెలుసు.

బెంగుళూరులో ఎన్.ఎస్. ప్రభు 1979లో వేరే పందెం కాశాడు. ఖరీదైన సామాన్లు లేవు, మామూలు బడులు, మామూలు పిల్లలు, ఒక నల్లబల్ల. వ్యాకరణం చెప్పం, వాక్యాల డ్రిల్లు చేయించం, లెక్కలాంటి చిక్కుముడి ఇస్తాం అన్నాడు. బల్ల మీద రైళ్ల టైంటేబుల్ రాస్తారు. పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నంలోపు ఫలానా ఊరు చేరాలంటే ఏ బండి ఎక్కాలి? మాస్టారు ఇంగ్లీషులో అడుగుతూ, విప్పుతూ, పిల్లలతో కలిసి ఒకటి చేస్తారు. తర్వాత అలాంటిదే ఇంకొకటి ఎవరికి వాళ్లు చేస్తారు. మార్కు జవాబు తేలినందుకు, వాక్యం అందంగా ఉన్నందుకు కాదు. బండి తప్పిపోకుండా చూసుకునే ధ్యాసలో భాష దానంతటది లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం. 1985లో బెరెట్టా, డేవిస్ పోల్చి చూస్తే ఏ పిల్లలు తాము చదివిన తీరు పరీక్షల్లో వాళ్లు మెరుగ్గా చేశారు. నేర్చినదాన్ని కొత్తచోట వాడుకోవాల్సిన పరీక్షల్లో ప్రభు పిల్లలది పైచేయి. ప్రపంచమంతా ఇప్పుడు టాస్క్ ఆధారిత బోధన అంటూ చెప్పుకునేదానికి ఒక పునాదిరాయి ఆ నల్లబల్లల ముందు పడింది.

ప్రభు 1990లో రాసిన వ్యాసం దీనికంటే పదునైనది. ఉత్తమ పద్ధతి అంటూ ఏదీ లేదన్నాడు. తను చేస్తున్నది పనిచేస్తుందని టీచరుకు లోపల గురి ఉంటే ఏ పద్ధతైనా ప్రాణంతో ఉంటుంది, అది లేకపోతే అన్నీ తంతులే. కొత్త పద్ధతి కనిపెట్టినవాడు ఆ మాట అనడం మామూలుగా జరగదు.

తెలుగువాళ్లు మాత్రం చాలావరకు ఈ గదుల బయటే నేర్చుకున్నారు. 1918లో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షల కోసం సాయంత్రాలు పక్కింటి పంతులుగారి వసారాలో చేరి ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా మెట్లెక్కారు. ఆ పరీక్షలు కట్టినవాళ్లలో చాలామందికి హిందీ చదవడం, రాయడం వచ్చింది. మాట్లాడటం కొందరికి బొంబాయి రైలెక్కాకే వచ్చింది. కపిల్‌దేవ్ ప్రకటనతో ఇంటింటికీ చేరిన రాపిడెక్స్ ఇంగ్లీషు పుస్తకం ఆ రోమన్ రెండు వరుసల పద్ధతే. సెల్‌ఫోన్ యాప్‌లలో గుడ్లగూబ అడిగే వింత వాక్యాలు చూస్తే ఒలెన్‌డార్ఫ్ ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. ఇప్పుడు మనం తప్పు చేయగానే ఆయన గంట కొడుతున్నాడు, అంతే తేడా.

కెనడాలో 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు చదువంతా ఫ్రెంచిలో చెప్పించారు. పిల్లలు విన్నది విన్నట్టు అర్థం చేసుకునేవారు, చదువుల్లో వెనకబడలేదు. కానీ ఏళ్లు గడిచినా వాళ్లు మాట్లాడే ఫ్రెంచిలో తప్పులు అలాగే ఉండిపోయాయి. 1985లో మెరిల్ స్వెయిన్ దానికి కారణం చెప్పింది. వినడానికి భాష కావలసినంత దొరికింది, నోరు తిప్పి మెరుగు పెట్టుకోవాల్సిన ఇరుకు రాలేదు అని.

ఆ కెనడా పిల్లల్ని గుర్తుపెట్టుకుని అమెరికాలో ఏ తెలుగు ఇంట్లోనైనా భోజనాల వేళ కూర్చుని చూడాలి. పెరుగు వేసుకోమని అమ్మ తెలుగులో అంటుంది, పిల్లాడు వద్దని ఇంగ్లీషులో అంటాడు. అమ్మమ్మ ఫోన్లో అన్నం తిన్నావా నాన్నా అంటే వాడికి ప్రతి ముక్కా తెలుసు, జవాబు మాత్రం తలూపుతూ ఇంగ్లీషులో వస్తుంది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి తరగతులకు వారాంతాల్లో వచ్చేది ఇలాంటి పిల్లలే. తెలుగు వాళ్లకు మొదటి భాష అనలేం, రెండోది అనీ అనలేం. ఆర్డెన్ వ్యాకరణం వాళ్లకోసం రాసింది కాదు, గుంటూరులో ఒకటో తరగతి వాచకమూ వాళ్లకోసం రాసింది కాదు. చెవిలో తెలుగు నిండుగా ఉండి నోట్లో లేనివాళ్లను మాట్లాడించడం ఎలాగో ఆ గదుల్లోని పంతులమ్మలు, వారం పొడుగునా వేరే ఉద్యోగాలు చేసుకునే వాళ్లు, శనివారం పొద్దున పిల్లలు వచ్చేలోపు కుర్చీలు సర్దుకుంటూ ఆలోచించుకుంటున్నారు.